కంటి జబ్బుకు మెదడు శాస్త్రవేత్తలెందుకు? మా బాబాయిని చూసి చెబుతున్నా

"కంటికి కంటి డాక్టర్లు ఉన్నారు కదా, న్యూరోసైంటిస్టులు రెటీనా మీద, అదే కంటి వెనక వెలుతురును పట్టుకునే పొర మీద, ఏళ్ల తరబడి పరిశోధన చేయడం దేనికి?" అని ఒకరు అడిగారు. మా బాబాయిని చూడకపోయుంటే నేనూ ఇదే అడిగేవాణ్ని.

మాది నెల్లూరు జిల్లాలో సముద్రం వైపు ఊరు. బాబాయికి రెండు రొయ్యల గుంటలు ఉండేవి. పన్నెండేళ్ల కిందట ఒకరోజు చీకటి పడ్డాక ఇద్దరం గట్టు మీద ఉన్నాం. ఆయన రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రే పైకి లాగి, టార్చి వేసి చూసి, "మేత మిగిలింది రా, రేపు తగ్గించాల" అన్నాడు. నాకు బురద తప్ప ఏమీ కనిపించని చోట ఆయన మేత గింజలు చూశాడు. ట్రేని నీళ్లలోకి దించి రెండడుగులు వేశాడో లేదో, గట్టుకు అడ్డంగా ఉన్న మోటారు పైపు తగిలి బోర్లా పడ్డాడు. తొడంత లావు పైపు అది. మోకాలు చీరుకుపోయింది. "చూసుకోవా బాబాయ్!" అని అరిచాను. "కనపడలా రా" అన్నాడు, అంతే.

ఊళ్లో ఎవరూ నమ్మలేదు. పొద్దున టీ బంకు దగ్గర పేపర్లో సన్నక్షరాలు చదివే మనిషి పక్క నుంచి వచ్చే గేదెను గుద్దుకుంటే ఎవరు నమ్ముతారు? తాగాడన్నారు. కొన్నాళ్లు పిన్నికీ అదే అనుమానం. వికలాంగుల సర్టిఫికెట్ కోసం వెళ్లిన చోట, బోర్డు మీద అక్షరాలు గడగడా చదివేసరికి "నీకేమయ్యా, చూపు బ్రహ్మాండంగా ఉంది" అని పంపేశారు. కళ్లజోడు మూడుసార్లు మార్పించారు, డబ్బు దండగ. రెటినైటిస్ పిగ్మెంటోసా, అంటే రెటీనా కణాలు మెల్లమెల్లగా చచ్చిపోయే జబ్బు అని తేలడానికి నాలుగేళ్లు పట్టింది. న్యూస్‌పేపరు గొట్టంలా చుట్టి, ఒక కన్ను మూసి, రెండో కంటితో అందులోంచి చూస్తూ మీ ఇంట్లో నడిచి చూడండి. ఆయన చూపు అది.

అందుకే, కన్ను కెమెరా లాంటిదని బళ్లో చెప్పే పాఠం వింటే నాకు ఒళ్లు మంట. రెటీనా ఫిల్మురీలు కాదు. అది మెదడులో భాగం, కడుపులో పిండం పెరిగేటప్పుడు మెదడు నుంచే తయారవుతుంది. మసక వెలుతురులో పనిచేసే రాడ్ కణాలు ఒక్కో కంట్లో సుమారు 12 కోట్లు. రంగులకీ సన్నక్షరాలకీ కావలసిన కోన్ కణాలు సుమారు 60 లక్షలు. మెదడుకు వెళ్లే నరంలో పోగులు మాత్రం 10 లక్షల చిల్లర. అంటే ఏది పంపాలో ఏది వదిలేయాలో రెటీనాయే తేల్చుకోవాలి. ఆ పోగులు రెటీనా నుంచి మెదడుకు కబురు పంపే గాంగ్లియాన్ కణాలవి. అవి మధ్యలో పడే వెలుతురుకీ చుట్టూ పడే వెలుతురుకీ ఉన్న తేడాను పట్టుకుంటాయని 1953లో స్టీఫెన్ కఫ్లర్ అనే నరాల శాస్త్రవేత్త పిల్లి కంట్లో చూపించాడు.

బాబాయికి ముందు పోయినవి రాడ్లు. అందుకే రేచీకటి, అందుకే పక్కచూపు లేదు. కోన్లు గుంపుగా ఉండే నడిమి భాగం మిగిలింది కాబట్టి పేపరు చదివాడు, అబద్ధాలకోరు అనిపించుకున్నాడు.

మేనరికం సంగతి కూడా చెప్పాలి. మా తాత, నాయనమ్మ మేనమామ, మేనకోడలు. ఈ జబ్బు రకరకాలుగా వస్తుంది గానీ, అమ్మ నుంచీ నాన్న నుంచీ ఒకే లోపమున్న జన్యువు వస్తేనే బయటపడే రకానికి మేనరికం దారి చేసిపెడుతుంది. ఆస్తి బయటికి పోకూడదని ఇంకా ఈ పెళ్లిళ్లు చేస్తున్నవాళ్లను చూస్తే కడుపు మండిపోతుంది.

ఇక ఉపయోగం అంటారా, రాడ్లు, కోన్లు చచ్చిపోయినా గాంగ్లియాన్ కణాలు చాలావరకు బతికే ఉంటాయి. మెదడు శాస్త్రవేత్త బోటొండ్ రోస్కా, కంటి డాక్టరు జోసే అలెన్ సహేల్ బృందం నాచు జాతిలో దొరికే, వెలుతురుకు స్పందించే ప్రోటీన్ తాలూకు జన్యువును ఆ కణాల్లోకి ఎక్కించింది. ఇదే జబ్బుతో చూపు పోయిన 58 ఏళ్ల ఆయనకు, ఒక కంట్లో. ప్రత్యేకమైన కళ్లద్దాలు పెట్టుకుని నెలల తరబడి సాధన చేశాక, బల్ల మీద నోటుపుస్తకం ఎక్కడుందో చెయ్యి పెట్టి చూపించాడు. ఈ ఫలితాలు 2021లో వచ్చాయి. ఏ కణం పని ఏమిటో ముందే కనిపెట్టి ఉంచకపోతే, ఆ జన్యువును ఎక్కడ ఎక్కించాలో ఎవరికి తెలిసేది?

మొన్న సంక్రాంతికి బాబాయికి ఇదంతా చెప్పాను. ఆయన నోటుపుస్తకం సంగతి పట్టించుకోలేదు. "బయట నడిచేటప్పుడు ఏం కనపడిందంట?" అని అడిగాడు. రోడ్డు దాటే చోట వేసే తెల్ల చారలు కనపడ్డాయట అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కాళ్ల దగ్గరవే కదరా అవి" అన్నాడు.