వడ్డీ ఏ బాకీ మీద?

అమ్మలూ,

నువ్వు ఉద్యోగం మానేసి, అప్పు తీసుకుని, ఆరు కుట్టుమిషన్లతో సొంతంగా పని మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో ఎవరూ చేయని సాహసం ఇది. చాలా గర్వంగా అనిపించింది. కానీ నువ్వు సంతకాలు పెట్టబోయే కాగితాల కట్ట గుర్తొచ్చి ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

తెలిసిన విషయాలు ముందే చెప్పేస్తాను. ఇంటి ఖాతా, వ్యాపారం ఖాతా వేరువేరుగా ఉంచు. ప్రతి చెల్లింపుకూ రసీదు తీసుకో. కొన్నాళ్ళు ఆర్డర్లు రాకపోయినా జీతాలు, వాయిదాలు కట్టుకోగలిగే డబ్బు పక్కన పెట్టుకున్నాకే మొదలుపెట్టు.

ఇప్పుడు నా అసలు భయం సంగతి. అప్పుకి వెళ్ళినవాళ్ళు మూడు ప్రశ్నలు అడుగుతారు: ఎంత ఇస్తారు, వడ్డీ ఎంత, ఎన్నాళ్ళలో తీర్చాలి. వాటికి జవాబులు రాగానే అంతా తెలిసిందనుకుని సంతకం పెట్టేస్తారు. వడ్డీ ఏ బాకీ మీద కడుతున్నారన్న నాలుగో ప్రశ్న అడిగేవాళ్ళు అరుదు. చదువుకున్నవాళ్ళు, లెక్కలొచ్చినవాళ్ళు కూడా తరతరాలుగా చేస్తున్న తప్పు ఇదే. ఓపిగ్గా చదువు.

లక్ష అప్పు, 12 శాతం వడ్డీ, మూడేళ్ళ గడువు అనుకుందాం. ఒకచోట 'ఫ్లాట్ రేటు' అంటారు. లక్షకి ఏడాదికి 12 వేలు, మూడేళ్ళకి 36 వేలు. మొత్తం లక్షా 36 వేలను 36 నెలలకి పంచితే వాయిదా 3,778. ఇంకోచోట అదే 12 శాతాన్ని 'తగ్గే బాకీ మీద' అంటారు. అంటే ఆ నెలకి ఎంత బాకీ మిగిలి ఉందో దాని మీదే వడ్డీ. అక్కడ వాయిదా 3,321. మొత్తం వడ్డీ 19,572 దగ్గర తేలుతుంది. రెండుచోట్లా చెప్పిన రేటు 12 శాతమే. తేడా 16 వేలు దాటింది.

ఎందుకింత తేడా? ఫ్లాట్ లెక్కలో చివరి నెలలో కూడా నువ్వు పూర్తి లక్షకి వడ్డీ కడుతూ ఉంటావు. అప్పటికి ఆ లక్షలో చాలా భాగం తిరిగి ఇచ్చేశావు కదా! తగ్గే బాకీ లెక్కలో చూడు. మొదటి నెల లక్ష మీద వడ్డీ వెయ్యి. కట్టిన 3,321లో మిగతా 2,321 అసలులోకి జమ. రెండో నెల బాకీ 97,679, దాని మీద వడ్డీ 977, అసలులోకి 2,344. ఇలా జరుగుతూ పోయి ఆఖరి వాయిదాలో వడ్డీ 33 మాత్రమే ఉంటుంది. మూడేళ్ళ సగటు తీస్తే నీ దగ్గర ఉన్న వాళ్ళ డబ్బు 54 వేల పైచిలుకు. లక్ష ఏనాడూ పూర్తిగా నీ దగ్గర లేదు, మొదటి నెల తప్ప.

ఆ 3,778 వాయిదాని తగ్గే బాకీ లెక్కలోకి మార్చి చూస్తే అసలు రేటు 21 శాతం దాటుతుంది. ఫ్లాట్ రేటు వినగానే దాన్ని రెట్టింపు చేసి, కాస్త తగ్గించి చూసుకో. నిజానికి దగ్గరగా వస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఫ్లాట్ అప్పుని ముందే తీర్చేద్దామన్నా చాలా ఒప్పందాల్లో పెద్దగా కలిసిరాదు, వడ్డీ మొత్తం మొదటిరోజే లెక్కకట్టి వాయిదాల్లో కలిపేసి ఉంటుంది కాబట్టి. తగ్గే బాకీ అప్పులోనైతే మొదటి ఏడాదిలో అదనంగా కట్టిన ప్రతి వెయ్యీ మిగిలిన నెలలన్నిటి వడ్డీనీ తగ్గిస్తుంది. అయినా ముందే తీరిస్తే రుసుం ఏమైనా ఉందా అని అడుగు.

ప్రాసెసింగ్ ఫీజు కూడా వడ్డీలో భాగమే అనుకో. లక్ష మంజూరు చేసి రెండు వేలు ముందే పట్టుకుంటే నీ చేతికి వచ్చేది 98 వేలు, వాయిదాలు మాత్రం లక్షకే. తగ్గే బాకీ మీద 12 శాతం అన్నది అప్పుడు 13.4 శాతం దగ్గరికి చేరుతుంది. ఫీజులన్నీ కలిపితే ఏడాదికి ఎంత శాతం పడుతుందో కాగితం మీద రాసివ్వమను. నోటిమాట వద్దు.

'నూటికి రెండు' అని ఎవరైనా అంటే అది నెలకా, ఏడాదికా? నెలకైతే ఏడాదికి 24. క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకి మూడు శాతం అంటే చిన్నగా వినిపిస్తుంది. ఏమీ కట్టకుండా వదిలేస్తే చక్రవడ్డీతో ఏడాదికి 42.6 శాతం అవుతుంది, రెండేళ్ళలో రెట్టింపు దాటుతుంది. 72ని వడ్డీ రేటుతో భాగిస్తే డబ్బు ఎన్నేళ్ళలో రెట్టింపవుతుందో రమారమి తెలుస్తుంది. 12 శాతానికి ఆరేళ్ళు, ఆరు శాతానికి పన్నెండేళ్ళు. పదమూడో ఎక్కం కళ్ళు మూసుకుని చెప్పిన పిల్లవి, నీకిది పెద్ద లెక్క కాదు. దారాలకీ బట్టకీ కార్డు గీకి, కనీస మొత్తం కట్టి సరిపెట్టుకునే అలవాటు మాత్రం చేసుకోకు. ఈ ఒక్క మాటా గట్టిగానే చెబుతున్నాను, కోపం తెచ్చుకోకు.

రేటు స్థిరమా, మారేదా అన్నది కూడా చూడు. మారే రేటు పెరిగినప్పుడు చాలా బ్యాంకులు వాయిదా పెంచకుండా గడువు పొడిగిస్తాయి. నెలనెలా పోయేది అంతే కాబట్టి ఏమీ మారలేదనిపిస్తుంది. అందుకే ఏడాదికోసారి బాకీ ఎంత ఉందో, ఇంకా ఎన్ని వాయిదాలున్నాయో అడిగి రాసుకో. వార్తల్లో '25 బేసిస్ పాయింట్లు' అంటే పావు శాతం. వంద బేసిస్ పాయింట్లు కలిస్తే ఒక శాతం.

బ్యాంకు పుస్తకంలో క్రెడిట్, డెబిట్ చూసి తికమకపడతావేమో. నీ డబ్బు వాళ్ళ దగ్గర ఉంటే అది వాళ్ళు నీకు బాకీ. అందుకే నువ్వు వేసిన డబ్బుని వాళ్ళు క్రెడిట్ అని రాస్తారు. అదే డబ్బు నీ పద్దుల్లో నీ ఆస్తి, కాబట్టి అక్కడ డెబిట్ వైపు పడుతుంది. ఒకే లావాదేవీని రెండు వైపులా రాసే ఈ జంట పద్దు పద్ధతిని 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో లూకా పాచోలీ వివరించాడు. వ్యాపారులు అంతకుముందు నుంచీ వాడుతున్నదే అది. క్రెడిట్ అన్న మాటకి లాటిన్ మూలంలో అర్థం నమ్మడం.

పుస్తకంలో లాభం కనిపిస్తోందని ధైర్యంగా ఉండిపోకు. 35 వేలు ఖర్చుపెట్టి కుట్టిన సరుకు 50 వేలకి అమ్మావనుకో. లాభం 15 వేలు. కానీ కొన్నవాడు అరవై రోజుల అరువు పెట్టాడు. ఈలోగా రెండు వాయిదాలు, రెండు నెలల జీతాలు, కొత్త ఆర్డరుకి బట్ట, అన్నీ నీ చేతి నుంచే పోవాలి. మంచి లాభం వచ్చిన నెలలోనే వాయిదా తప్పేది ఇలాగే. కాబట్టి ఏ వారం ఎంత వస్తుంది, ఎంత పోతుందని మూడు నెలలకి ఒక కాగితం మీద గీసుకో. మిషన్లు ఏళ్ళ తరబడి పనిచేస్తాయి, వాటికి మూడేళ్ళ అప్పు సరిపోతుంది. బట్ట రెండు నెలల్లో డబ్బుగా మారుతుంది, దానికి తక్కువ గడువు అప్పు. మిషన్లని తక్కువ గడువు అప్పుతో కొంటే, అవి సంపాదించక ముందే అసలు అడుగుతారు.

చివరిగా హామీ సంతకం. నీకు ఎవరైనా హామీ ఉంటామంటే, నువ్వు కట్టలేకపోతే మొత్తం బాకీ వాళ్ళ మీద పడొచ్చని వాళ్ళకి ముందే వివరంగా చెప్పు. సగమే పడుతుందని చాలామంది అనుకుంటారు. నిన్నెవరైనా హామీ అడిగితే, ఆ అప్పు నీదేనని లెక్కవేసుకుని, తీర్చగలనని తేలితేనే పెట్టు. మొహమాటానికి పెట్టకు తల్లీ.

సంతకానికి ముందు వాయిదాల పట్టిక అడిగి తీసుకో. మొదటి వరసలో అప్పు మొత్తాన్ని ఏడాది రేటుతో గుణించి, వందతో, తర్వాత పన్నెండుతో భాగించు. పట్టికలోని మొదటి నెల వడ్డీతో సరిపోవాలి. రెండో వరసలో తగ్గిన బాకీతో మళ్ళీ చేసి చూడు. రెండు నెలలకీ ఒకే వడ్డీ ఉంటే కలం జేబులో పెట్టుకుని బయటికి వచ్చెయ్. లెక్క తేలకపోతే ఫోటో తీసి నాకు పంపు, ఎంత రాత్రయినా సరే.

ఆశీస్సులతో,
పెదనాన్న