ఇంటర్వ్యూ అయ్యి ఏడు వారాలు, పీఏ ప్రోగ్రాం నుంచి కబురు లేదు, ఏం చెయ్యాలి? – నా అనుభవం

మీరు రాసింది రెండుసార్లు చదివానండీ. అమెరికాలో ఆరు పీఏ (ఫిజీషియన్ అసిస్టెంట్, అంటే డాక్టర్లతో కలిసి పేషెంట్లని చూసే వృత్తి) ప్రోగ్రాంలకి అప్లై చేశారు, రెండు ఇంటర్వ్యూలు అయ్యాయి, ఒకచోట వెయిట్‌లిస్ట్ అని మెయిల్ వచ్చింది, రెండో చోట ఏడు వారాలుగా ఉలుకూ పలుకూ లేదు, మీతోపాటు అదే రోజు ఇంటర్వ్యూ ఇచ్చినామెకి మాత్రం సీటొచ్చేసింది. మీరేమో కూకట్‌పల్లిలో పుట్టింట్లో ఉండి రాత్రంతా పోర్టల్ తెరిచి చూసుకుంటున్నారు, మీ నాన్నగారు ఈ అవస్థ ఎందుకు ఇక్కడే బీఎస్సీ పీఏలో చేరిపో అంటున్నారు. సరిగ్గా ఇదే పరిస్థితిలో, ఇదే ఊళ్ళో, నేను ఒక చలికాలం గడిపాను. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు నా సంగతి. ఉస్మానియా కింద బీఫార్మసీ చేశా, పెళ్ళయ్యాక అమెరికా, కొన్నేళ్ళు హెచ్‌4 (డిపెండెంట్ వీసా), తర్వాత గ్రీన్‌కార్డ్. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ మళ్ళీ అక్కడ కమ్యూనిటీ కాలేజీలో చదివా, ఎందుకంటే చాలా ప్రోగ్రాంలు ఇండియా క్రెడిట్లు ఒప్పుకోవు. సీఎన్‌ఏ (నర్సింగ్ అసిస్టెంట్) కోర్సు చేసి నర్సింగ్ హోమ్‌లో చేరా. అక్కడ నర్సింగ్ హోమ్ అంటే మన దగ్గరలా చిన్న హాస్పిటల్ అనుకోకండి, ముసలివాళ్ళు ఉండిపోయే చోటు. వాళ్ళకి స్నానాలు చేయించడం, డైపర్లు మార్చడం, మంచం మీంచి వీల్‌చైర్‌లోకి దించడం, బీపీ చూసి రాయడం. మా అత్తగారు ఫోన్లో విని బాధపడ్డారు కూడా, ఇంత చదివి ఈ పనేంటమ్మా అని. కానీ ఈ రోజుకీ పేషెంట్‌ని తాకడానికి నాకు బెరుకు లేదంటే ఆ పని పుణ్యమే.

మొదటిసారి 2021లో వేశా. కాస్పా (చాలా పీఏ ప్రోగ్రాంలకి ఒకేచోట అప్లై చేసే ఆన్‌లైన్ పోర్టల్) ఏప్రిల్ చివర్లో తెరుచుకుంటుంది కదా, నేను సెప్టెంబర్‌లో సబ్మిట్ చేశా. పర్సనల్ స్టేట్‌మెంట్ ఐదు వేల అక్షరాలకి కుదించలేక, రికమెండేషన్ లెటర్లు రాక, అలా అలా లేటయింది. రోలింగ్ అడ్మిషన్స్ అంటే ఏంటో నాకు అప్పటికి నిజంగా అర్థం కాలేదు. గడువు జనవరి దాకా ఉన్నా సీట్లు, ఇంటర్వ్యూ డేట్లు జూలై నుంచే నిండిపోతూ వస్తాయి, చివర్లో వచ్చినవాళ్ళకి మిగిలిందే మిగులుతుంది. తొమ్మిది చోట్ల వేస్తే ఒక్క ఇంటర్వ్యూ. దాంట్లో వెయిట్‌లిస్ట్. వాళ్ళ క్లాసులు మొదలయ్యే రోజు దాకా చూశా, పిలుపు రాలేదు.

ఆ ఏడాది నన్ను కాపాడింది మా నర్సింగ్ హోమ్‌కి వారానికి రెండుసార్లు వచ్చే ఒక పీఏ. ఆవిడ మార్చిలోనే మొహమాటం లేకుండా చెప్పేసింది, వెయిట్‌లిస్ట్‌ని నమ్ముకుని కూర్చోకు, ఏప్రిల్‌లో కాస్పా తెరవగానే మళ్ళీ వెయ్యి, పిలుపొస్తే అప్పుడు మానెయ్యొచ్చు అని. నాకు మనసొప్పలేదు, మళ్ళీ వేస్తే నాకు నేనే ఫెయిలయ్యానని రాసిచ్చినట్టు అనిపించింది. అయినా వేశా. మొదటిసారి పదకొండు వందల గంటలున్న పేషెంట్ కేర్ (పేషెంట్ల దగ్గర పనిచేసిన అనుభవం, అప్లికేషన్‌లో గంటల్లో చూపిస్తాం) అప్పటికి రెండు వేల నాలుగు వందలు దాటింది, లెటర్లు మళ్ళీ అడిగి రాయించుకున్నా, మే నెలలోనే సబ్మిట్ అయిపోయింది. మీకు చెప్పాల్సిన వాటిలో అన్నిటికంటే పెద్దది ఇదే. ఈ సైకిల్‌లో, అంటే ఈ ఏడాది అడ్మిషన్లలో, సీటొస్తుందా రాదా అని ఎదురుచూస్తూనే, రాదేమో అన్న లెక్కన తర్వాతి అప్లికేషన్ పని మొదలుపెట్టండి. రెండూ ఒకేసారి చెయ్యొచ్చు, ఒకదానికొకటి అడ్డం రాదు.

ఇక ఏడు వారాల సంగతి. కొన్ని ప్రోగ్రాంలు ప్రతి ఇంటర్వ్యూ రోజు తర్వాత కమిటీ కూర్చుని కొంతమందికి వెంటనే సీటిచ్చేస్తాయి, మిగతావాళ్ళని పక్కన పెట్టి తర్వాత వచ్చే బ్యాచ్‌లతో పోల్చి చూస్తాయి. కొన్ని అన్ని ఇంటర్వ్యూలు అయ్యేదాకా నోరు విప్పవు. మీ పక్కన కూర్చున్నామెకి వచ్చి మీకు రాలేదంటే మీరు మొదటి విడతలో లేరని మాత్రమే అర్థం, మిమ్మల్ని తీసేశారని కాదు. తీసేస్తే చాలాచోట్ల మెయిల్ వస్తుంది.

వెయిట్‌లిస్ట్ ఎప్పుడు కదులుతుందంటే, సీటొచ్చినవాళ్ళు డిపాజిట్ కట్టాలి, అది తిరిగి రాదు, అయినా రెండు మూడు చోట్ల సీట్లొచ్చినవాళ్ళు ఒకటి ఉంచుకుని మిగతావి వదిలేస్తారు. ఆ వదిలే టైం డిపాజిట్ గడువుల చుట్టూ, మళ్ళీ క్లాసులు మొదలయ్యే ముందు వారాల్లో. జనవరిలో మొదలయ్యే ప్రోగ్రాంకీ ఆగస్టులో మొదలయ్యే దానికీ ఈ లెక్క వేరుగా ఉంటుంది, కాబట్టి మీవి ఏ నెలలో మొదలవుతాయో చూసుకుని అప్పుడు కంగారు పడాలా వద్దా తేల్చుకోండి.

మెయిల్ పెట్టొచ్చా అని అడిగారు. వాళ్ళ సైట్‌లో ఇన్ని వారాల్లో చెప్తాం అని రాసుంటే ఆ టైం దాటేదాకా ఆగండి, అప్‌డేట్లు పంపొద్దు అని రాసుంటే అస్సలు పంపకండి. ఏమీ రాయకపోతే ఒక్క మెయిల్, ఐదారు లైన్లు, కాస్పా ఐడీ వేసి. నేను ముచ్చటగా మూడే అడిగా: లిస్ట్‌కి ర్యాంకు ఉందా, ఎప్పటిదాకా ఆ లిస్ట్ నడుస్తుంది, కొత్తగా పెరిగిన గంటలు, వచ్చిన గ్రేడు పంపితే చూస్తారా. రెండు రోజుల్లో జవాబొచ్చింది. ర్యాంకు లేదు, క్లాసులు మొదలయ్యేదాకా నడుస్తుంది, గ్రేడు పంపండి అన్నారు. అంతకుముందు నెల రోజులు నేను ఊహించుకున్నవన్నీ ఆ మూడు లైన్లతో పోయాయి. సీటిస్తే మీ దగ్గరికే వస్తా అనే మాట మాత్రం ఒక్క చోటికే రాయండి, నిజంగా వెళ్ళేట్టయితేనే.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి ఇది చాలా ముఖ్యం. రెండో సైకిల్‌లో అక్టోబర్‌లో ఇంటర్వ్యూ అయింది, నవంబర్‌లో మళ్ళీ వెయిట్‌లిస్ట్ అన్నారు. డిసెంబర్‌లో అమ్మకి మోకాలి ఆపరేషన్ అని మలక్‌పేట వచ్చేశా. ఫ్లైట్‌లో అమెరికా సిమ్ ఆపేశా, వైఫై కాలింగ్ ఆన్ చేసుకోలేదు, హాస్పిటల్ హడావిడిలో తొమ్మిది రోజులు ఆ నంబర్ చచ్చిపడి ఉంది. తర్వాత తెరిస్తే ఇంకో ప్రోగ్రాం నుంచి వాయిస్ మెయిల్, ఒక కోర్సు గ్రేడు ఇంకా చేరలేదు పంపించండి అని. వెంటనే పంపా. పది రోజులకి అక్కణ్ణించి నో అని వచ్చింది. దానికి ఈ ఆలస్యమే కారణమని చెప్పలేను గానీ ఆ తొమ్మిది రోజులు ఇప్పటికీ నా మనసులో గుచ్చుకుంటూనే ఉంటాయి. కాబట్టి ఈ రాత్రే మీ అమెరికా నంబర్‌కి ఎవరితోనైనా ఫోన్ చేయించి మోగుతుందో లేదో చూసుకోండి. వాయిస్ మెయిల్ నిండిపోయి ఉందేమో చూడండి. స్పామ్ ఫోల్డర్ రోజూ ఒకసారి.

టైం కూడా లెక్కేసుకోండి. చలికాలంలో వాళ్ళ ఈస్టర్న్ టైం కంటే మనం పదిన్నర గంటలు ముందు, అంటే వాళ్ళ ఆఫీసు 9 నుంచి 5 అంటే మనకి రాత్రి 7:30 నుంచి తెల్లవారుజాము 3:30. సెంట్రల్ అయితే ఇంకో గంట కలపండి. మిగతా టైంలో పోర్టల్ చూడటం అనవసరం, అక్కడ అందరూ నిద్రపోతుంటారు. ఈ ఒక్క లెక్క వల్ల నాకు పగళ్ళు తిరిగొచ్చాయి. పొద్దున అమ్మకి వాకర్ పట్టించి వరండాలో నడిపించడం, కాలు మడిచే ఎక్సర్‌సైజులు, మధ్యాహ్నం ఫిజియోథెరపీ ఆయన వస్తే పక్కన కూర్చుని చూడటం. (ఇంట్లోవాళ్ళకి చేసిన సేవ పేషెంట్ కేర్ గంటల్లోకి రాదు, వేసుకోకండి.)

మా నాన్న ఈ విషయంలో నాకంటే శ్రద్ధగా ఉండేవాడు. వంటింటి గోడకున్న తెలుగు క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో అమెరికా సెలవులన్నీ రాసుకున్నాడు. ఆ సంక్రాంతికి, 2023లో, కనుమ సోమవారం వచ్చింది, సరిగ్గా అదే రోజు అక్కడ మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. మేడ మీద పిల్లలు పతంగులు ఎగరేస్తుంటే నేను కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నా, నాన్న పిలిచి "ఇయ్యాల వాళ్ళకి సెలవు బిడ్డా, ఫోన్ రాదు, రాత్రి నిమ్మళంగ పండుకో" అన్నాడు. నెల రోజుల తర్వాత ఆ రాత్రే నేను సరిగ్గా నిద్రపోయింది.

ఫోన్ రాత్రిపూట ఒక ఖాళీ స్టీలు గిన్నెలో పెట్టేదాన్ని, వైబ్రేట్ అయితే గిన్నె మోగుతుందని. బుధవారం దాటి గురువారం వచ్చిన రాత్రి 1:20కి మోగింది. అవతల ప్రోగ్రాం డైరెక్టర్, ఒక సీటు ఖాళీ అయింది, మీకింకా ఇంట్రెస్ట్ ఉందా అని అడిగారు. ఉందని చెప్పడానికి గొంతు పెగల్లేదు, రెండోసారికి వచ్చింది. అమ్మ మంచం మీంచే "ఏమన్నరు బిడ్డా, ఏమన్నరు" అంటోంది, లేవలేదు కదా పాపం. నాన్న కళ్ళద్దాలు వెతుక్కుని వెళ్ళి క్యాలెండర్‌లో ఆ తేదీ గళ్ళో 1:20 అని రాశాడు. ఆ కాగితం చింపి ఇప్పటికీ బీరువాలో పెట్టుకున్నారు.

డిసెంబర్‌లోనే అమ్మ పోరు పెడితే చిలుకూరు వెళ్ళి పదకొండు ప్రదక్షిణలు చేసొచ్చా. కోరిక తీరాక నూట ఎనిమిది చెయ్యాలి కదా, నేను తిరుగు ప్రయాణంలో ఉన్నా, అమ్మకి కొత్త మోకాలు, ఆ నూట ఎనిమిదీ నాన్నే చేశాడు, కార్డు మీద ఒక్కో అంకె కొట్టేసుకుంటూ. మీకు నమ్మకముంటే వెళ్ళిరండి. అక్కడ మనలాగే ఏదో ఒక కబురు కోసం తిరుగుతున్నవాళ్ళు ఇంతమంది ఉన్నారా అని చూస్తేనే కొంచెం గుండె దిటవవుతుంది.

మీ నాన్నగారి మాట గురించి. మన దగ్గర పీఏ కోర్సు తక్కువదేం కాదు, 1992లో చెన్నైలో మద్రాస్ మెడికల్ మిషన్‌లో గుండె ఆపరేషన్ల టీం కోసం మొదలైంది, 2021లో వచ్చిన అలైడ్ హెల్త్ కేర్ చట్టంలో ఈ వృత్తికి చోటు కూడా ఇచ్చారు. ఇక్కడే స్థిరపడేవాళ్ళకి మంచి దారి. కానీ మీ ఆయన ఉద్యోగం అక్కడ, మీ గ్రీన్‌కార్డ్ అక్కడ. అమెరికాలో పీఏగా పనిచెయ్యాలంటే పాన్స్ అనే జాతీయ సర్టిఫికేషన్ పరీక్ష రాయాలి, అది రాయాలంటే అక్కడ పీఏ కోర్సులకి గుర్తింపునిచ్చే ఏఆర్‌సీ-పీఏ సంస్థ గుర్తింపు ఉన్న ప్రోగ్రాంలోనే చదివుండాలి. ఇక్కడి బీఎస్సీతో కుదరదు, ఆ మాటకొస్తే ఇక్కడి ఎంబీబీఎస్‌తో కూడా నేరుగా పాన్స్‌కి కూర్చోనివ్వరు. ఈ ఒక్క విషయం నాన్నగారికి నెమ్మదిగా కూర్చోబెట్టి చెప్పండి. ఆయన మీ చదువుకి అడ్డుపడుతున్నారని నాకనిపించట్లేదు, కూతురు రాత్రిళ్ళు నిద్రపోకపోవడం చూడలేక అంటున్నారు.

బంధువుల సంగతి ఎక్కువ రాయను. సీటొచ్చిందా అని అడిగినవాళ్ళందరికీ అమ్మ ఒకటే చెప్పేది, వస్తే మేమే స్వీట్లు పట్టుకొస్తం అని. అది బాగా పనిచేసింది.

నేను 2023 మేలో చేరా, ఇరవై ఏడు నెలలు, మొదటి ఏడాది క్లాసులు ఊపిరాడనివ్వవు, తర్వాత రొటేషన్లు, అంటే హాస్పిటళ్ళలో, క్లినిక్‌లలో ఒక్కో విభాగంలో ట్రైనింగ్. ఇప్పుడు ఒక ఫ్యామిలీ మెడిసిన్ క్లినిక్‌లో చేస్తున్నా, సెలవు మీద వచ్చి మలక్‌పేటలో అదే గదిలో కూర్చుని ఇది రాస్తున్నా. ఇంకో మాట, వెయిట్‌లిస్ట్ మెయిల్‌లో వాడిన పదాలు ముఖ్యం, ఆల్టర్నేట్ అన్నారా, హోల్డ్ అన్నారా, ర్యాంకు ఇచ్చారా. కాలేజీ పేరు, మీ వివరాలు తీసేసి ఆ నాలుగు లైన్లు ఇక్కడ పెట్టండి, క్లాసులు ఏ నెలలో మొదలవుతాయో కూడా రాయండి. నేను ఇంకో పది రోజులు ఇక్కడే ఉంటా, చూసి చెప్తా.