ఒకే గేమ్, రెండు స్విచ్‌లు

ప్రశ్న: మా ఇంట్లో గేమ్ కన్సోళ్లు రెండున్నాయి: నింటెండో స్విచ్ ఒకటి, స్విచ్ లైట్ ఒకటి. నా అకౌంట్‌తో కొన్న డిజిటల్ గేమ్‌లు పిల్లలిద్దరూ ఆడుకోవాలంటే మళ్లీ కొనాలా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: అక్కర్లేదండీ. 2025 ఏప్రిల్ అప్‌డేట్‌తో వచ్చిన వర్చువల్ గేమ్ కార్డులు ఇందుకే. అంటే, కొన్న డిజిటల్ గేమ్‌ను అసలు కార్డులాగే ఒక కన్సోల్‌లోంచి తీసి మరోదాంట్లో పెట్టుకోవడమన్నమాట. రెండు కన్సోళ్లలోనూ మీ అకౌంట్ ఉండాలి. మొదటిసారి జత చేసేటప్పుడు రెండింటినీ పక్కపక్కనే పెట్టి, నెట్ ఆన్‌లో ఉంచండి. ఆపైన హోమ్ స్క్రీన్‌లో ‘వర్చువల్ గేమ్ కార్డ్స్’ తెరిచి, గేమ్‌ను ఒకదాంట్లో ‘ఎజెక్ట్’, రెండోదాంట్లో ‘లోడ్’ చేస్తే సరి. లోడయ్యాక ఆ కన్సోల్‌లో ఎవరి ప్రొఫైల్‌తోనైనా, నెట్ లేకున్నా ఆడొచ్చు.

అసలు తంటా సేవ్ దగ్గరే. కార్డు మారుతుంది గానీ, ఆట ఎంతవరకు వచ్చిందన్న డేటా పాత కన్సోల్‌లోనే ఉండిపోతుంది. పిల్లలు ఏడుపు లంకించుకునేది ఇక్కడే. సిస్టమ్ సెట్టింగ్స్‌లో డేటా మేనేజ్‌మెంట్‌కి వెళ్లి దాన్ని విడిగా పంపాలి. ఆ సేవ్ ఎవరి అకౌంట్‌దో, ఆ అకౌంట్ రెండింట్లోనూ ఉండాలి. పంపాక పాతదాంట్లో చెరిగిపోతుంది.

పిల్లలకు సొంత అకౌంట్లుంటే ఫ్యామిలీ గ్రూప్‌లో చేర్చి అరువివ్వొచ్చు. ఒక్కొక్కరికి ఒకసారికి ఒకే గేమ్, 14 రోజులు. గడువయ్యాక దానంతటదే వెనక్కొస్తుంది, వాళ్ల సేవ్ మాత్రం పోదు. ఒకే కార్డుతో ఇద్దరూ ఒకేసారి ఆడలేరు కాబట్టి, రోజూ కలిసి ఆడే గేమైతే రెండో కాపీ కొనడమే నయం.