గ్యాస్ తీసిన పేడలో సత్తువ ఉంటుందా?

ప్రశ్న: మా ఇంటి దగ్గర 2 ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంటు ఉంది. బయటకు వచ్చే పలుచటి పేడను, అంటే స్లర్రీని, గుంటలో ఎండబెట్టి, పెళ్లలు తీసి పొలానికి తోలుతున్నాము. గ్యాస్ పోయాక పేడలో సత్తువ ఉండదని ఊళ్లో పెద్దలు అంటున్నారు. నిజమేనా? మిరప తోటకు నేరుగా పారించవచ్చా?
– ఒక రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: గ్యాస్‌గా బయటకు పోయేది ప్రధానంగా పేడలోని కర్బనం, అది మీథేన్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారి వెళ్లిపోతుంది. నత్రజని, భాస్వరం, పొటాష్ దాదాపు పూర్తిగా స్లర్రీలోనే ఉంటాయి. పైగా గాలి తగలని డైజెస్టరులో, అంటే పేడ కుళ్లే తొట్టిలో, సూక్ష్మజీవులు నత్రజనిలో కొంత భాగాన్ని అమ్మోనియం రూపంలోకి మార్చడం వల్ల, ఆ భాగం పైరుకు త్వరగా అందుతుంది. కాబట్టి సత్తువ గ్యాస్‌తో పోవడం లేదు, మీ గుంటలో పోతోంది. ఎండకూ గాలికీ అమ్మోనియం అమ్మోనియాగా మారి ఆవిరైపోతుంది గనుక, ఎండు పెళ్లల్లో మిగిలేది నిదానంగా పనిచేసే భాగమే. కష్టపడి కట్టుకున్న ప్లాంటు ఫలితంలో విలువైన భాగం ఇలా వృథా కావడం మాకు బాధగా ఉంది.

మీ ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పేడ, అంతే నీరు పడుతుంది కాబట్టి, దాదాపు 100 లీటర్ల స్లర్రీ వస్తుంది. దానిని వచ్చిన వెంటనే మొక్కల మొదళ్లలో పోయవద్దు. అందులో ప్రాణవాయువు ఉండదు, ఇంకా కుళ్లే పదార్థం మిగిలి ఉంటుంది, అది వేర్లకు ఇబ్బంది కలిగిస్తుంది. నీడ ఉన్న గుంటలో కొన్ని రోజులు మాగనిచ్చి, సాయంత్రం పూట సాగునీటితో కలిపి బోదెల్లో పారించి, వీలైతే పైన మట్టి కప్పండి. ఇంటి ప్లాంటులోని వేడి రోగకారక క్రిములన్నిటినీ చంపేంత ఉండదు కాబట్టి, కాయల మీద చిందనివ్వకండి. పచ్చిగా తినే ఆకుకూరలకు మాత్రం అసలు పోయవద్దు.

పొలంలో పైరు లేని రోజుల్లో కంపోస్టు చేయడమే మేలు. స్లర్రీలో సుమారు పదింట తొమ్మిది వంతులు నీరే గనుక, ఎండిన వరిగడ్డి, ఆకులు, పంట చెత్త పొరలు పొరలుగా వేసి, ఒక్కొక్క పొరను స్లర్రీతో తడిపి, చివరకు మట్టితో మూయండి. గడ్డి తేమను పీల్చుకుని నత్రజనిని పట్టి ఉంచుతుంది, కుప్పలో పుట్టే వేడికి కలుపు విత్తనాలు, క్రిములు చాలావరకు నశిస్తాయి, తోలడానికి బండి సరిపోతుంది.

స్లర్రీ వాడుతున్నామని యూరియాను ఒక్కసారిగా మానేయకుండా, భూసార పరీక్ష చేయించి, ఆ ఫలితాన్ని బట్టి తగ్గిస్తూ రండి. మీకు డ్రిప్ ఉంటే స్లర్రీని అందులో వదలవద్దు. పీచు, నలుసులు డ్రిప్పర్లను మూసేస్తాయి.