భూదోషమా, ఎర్త్ లీకేజీయా?

సందేహం: వానలు పడిన మరునాడు మా ఇంట్లోని ఎలక్ట్రిక్ కారు చార్జర్ ఆగిపోయి, ఎర్ర దీపంతో పాటు ‘భూదోషం’ అని తెలుగులో చూపింది. మా అమ్మ స్థలానికి శాంతి చేయించమంది. నేను ఎర్త్ గుంతలో ఉప్పు వేసి నీళ్లు పోయించాను. ఫలితం లేదు. ఈ మాట సరైనదేనా? (ఒక పాఠకుడు, తిరుపతి)

సమాధానం: సరైనది కాదు. గ్రహదోషం, వాస్తుదోషం అనే మాటల వరుసలో భూదోషమని చదివితే నేలకున్న దోషమే ఎవరికైనా తోస్తుంది కనుక, మీ అమ్మగారు తెలుగును తెలుగుగానే అర్థం చేసుకున్నారు. ఇంగ్లీషులోని ‘గ్రౌండ్ ఫాల్ట్’ చెప్పేది అది కాదు. ఫేజు వైరులో వెళ్లిన కరెంటు న్యూట్రల్ గుండానే తిరిగి రావలసి ఉండగా, వైరు తొడుగు చెడిన చోటనో తేమ చేరిన చోటనో కొంత దారి తప్పి భూమికి పోవడాన్ని అలా అంటారు. ఆ రెండు వైర్లలోని కరెంటుకు తేడా వస్తే ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ కనిపెట్టి సరఫరాను ఆపేస్తుంది. ఇళ్లలో సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్ల తేడాకు పనిచేసేదాన్ని పెడతారు.

అనువాదకుడు తడబడినది సమాసంలో. ‘భూమికి’ అన్నా ‘భూమి యొక్క’ అన్నా మన వ్యాకరణం రెంటినీ షష్ఠీ విభక్తిలోనే చేర్చింది. సమాసం చేయగానే ఆ ‘కి’ లోపించి, కరెంటు ఎటు పోతోందో తెలిపే ఆనవాలే చెరిగిపోయింది. ప్రమాదాన్ని హెచ్చరించే మాటలో అంతటి ఆనవాలును పోగొట్టుకోకూడదు.

మన ఎలక్ట్రీషియన్ల వాడుక ఇంతకంటే ఎంతో నిక్కచ్చిగా ఉంది. ‘ఎర్త్ లేదు’ అంటే భూమికి వెళ్లే వైరు తెగిందనో గుంత ఎండిందనో అర్థం. ‘ఎర్త్ అవుతోంది’ అంటే కరెంటు భూమికి పోతోందని. ‘ఎర్త్ కొడుతోంది’ అంటే తాకిన చేయి జిల్లుమంటోందని. మీ చార్జర్ చెప్పదలచింది రెండోది కాగా, మీరు మొదటిదానికి మందు వేశారు. (‘గ్రౌండ్’ అమెరికా వాడుక, మనకు స్థిరపడినది బ్రిటిష్ వారి ‘ఎర్త్’.) కాబట్టి చార్జర్ మీద ‘కరెంటు భూమికి లీకవుతోంది’ అని పూర్తి వాక్యమే రాయాలని నా అభిప్రాయం. నామవాచకమే కావాలంటే ‘ఎర్త్ లీకేజీ’ చాలు, దానికి కొత్త సంస్కృత సమాసం కల్పించనక్కరలేదు.

ఇక మీ చార్జర్ సంగతి. గన్ను (కేబుల్ చివర కారుకు తగిలించే ప్లగ్గు) కారు నుంచి తీసి, చార్జర్‌ను మళ్లీ ఆన్ చేసి చూడండి. అప్పుడూ ట్రిప్ అయితే లోపం చార్జర్‌లోనో గోడలోని వైర్లలోనో ఉంటుంది. కారుకు పెట్టినప్పుడే ట్రిప్ అయితే కేబుల్‌నో గన్నునో కారునో అనుమానించాలి. వాన తరువాత వచ్చింది కనుక, సరఫరా ఆపిన మీదట గన్ను మూత తీసి, పిన్నుల మధ్య నీటి బొట్లున్నాయేమో కళ్లతో చూడండి. ఆర్‌సీసీబీని తప్పించి మాత్రం ఎవరినీ కనెక్షన్ ఇవ్వనీయకండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచినప్పుడు భూదోషమన్న మాట ఎత్తకుండా, చూసినదాన్ని బట్టి ‘గన్ను పెట్టినప్పుడే ఎర్త్ అవుతోంది’ అనో ‘గన్ను తీసినా ఎర్త్ అవుతోంది’ అనో చెప్పండి. ఎక్కడ వెతకాలో ఆయనకు వెంటనే తెలుస్తుంది.