పొద్దున్న వాకింగ్ చేసేస్తే రోజంతా కూర్చునే పని చేసుకోవచ్చా?

పొద్దున్న అరగంట నడిచినా, వర్క్ ఫ్రం హోమ్‌లో ఎనిమిది తొమ్మిది గంటలు కుర్చీలోంచి లేవకపోతే సరిపోదు, మధ్యమధ్యలో లేవాల్సిందే. నడిచేటప్పుడు కాళ్ళ కండరాలు రక్తంలో షుగర్‌ని లాక్కుని వాడేసుకుంటాయి, కూర్చుండిపోతే ఆ పని బాగా తగ్గిపోద్ది, పిక్కల్లోంచి రక్తం పైకెక్కడం కూడా నెమ్మదిస్తుంది, మెడా నడుమూ పట్టేయడం సరేసరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం అంటుంది గానీ కూర్చునే టైమ్ తగ్గించమని విడిగా కూడా చెప్తుంది.

విజయనగరంలో అయ్యకోనేరు గట్టు మీద నడిచొచ్చి, తొమ్మిదికి లాప్‌టాప్ తెరిచి, అన్నం కంచం కూడా దాని పక్కనే పెట్టుకునే మనిషి ఉన్నాడనుకోండి, తిన్నాక ఓ పది నిమిషాలు, ఎండైతే వరండాలోనే, అటూ ఇటూ తిరిగితే షుగర్ అంత పైకి పోదు, ఫోన్ నడుస్తూ మాట్లాడినా లెక్కలోకే వస్తుంది.

చాలామంది పొరపాటు పడేది స్ట్రెస్ దగ్గర. ఇంట్లోనే ఉన్నాం కదా టెన్షన్ ఏటుంటాది అనుకుంటారు. కానీ ఆఫీసు నుంచి ఇంటికొచ్చే దారి, బస్సులో ఎంత చిరాకు పడినా సరే, పనికి ఫుల్‌స్టాప్ పెట్టేది, ఇక్కడ అది లేదు కాబట్టి రాత్రి పదైనా బుర్ర మెయిల్స్ దగ్గరే ఉంటాది, అందుకే లాప్‌టాప్ మూసిన వెంటనే ఓ పావుగంట వీధిలోకెళ్ళి రావాలి.