ఎం.ఫార్మ్‌లో నా చేతుల మీదుగా పోయిన 36 ఎలుకలు

మందుల పరిశోధన కోసం జంతువుల మీద ప్రయోగాలు చేయడం న్యాయమేనా అని అడిగారు. కొన్ని న్యాయమే. మన కాలేజీల్లో డిగ్రీ కోసం చేసేవాటిలో చాలావరకు కాదు. నేను చేసిందీ కాదు.

2012లో ఎం.ఫార్మ్ (ఫార్మసీ పీజీ) ఫార్మకాలజీలో, అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చదివే శాఖలో, నాకిచ్చిన టాపిక్: నేరేడు గింజల సారం షుగర్ తగ్గిస్తుందా? అప్పటికే ఎలుకల మీద ఎన్నోసార్లు చేసేసిన పని. మా లైబ్రరీలోనే సీనియర్ల థీసిస్‌లు రెండు ఉన్నాయి. అయినా ఆరు గ్రూపులు, గ్రూపుకి ఆరు చొప్పున ల్యాబుల కోసం పెంచే విస్టార్ రకం తెల్ల ఎలుకలు 36 తెప్పించారు. గుర్తు కోసం ఒకదానికి తల మీద, ఒకదానికి వీపు మీద, ఇంకోదానికి తోక మీద పిక్రిక్ యాసిడ్‌తో పసుపు చుక్కలు పెట్టాను. స్ట్రెప్టోజోటోసిన్ ఇంజెక్షన్ ఇస్తే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు చచ్చిపోతాయి. మూడో రోజు తోక నుంచి రక్తపు చుక్క తీసి చూస్తే, కొన్నింటికి గ్లూకోమీటర్ అంకె బదులు 'హై' అని చూపించింది.

రాత్రి పరిచిన ఊక పొద్దున్నకల్లా ముద్దయిపోయేది. నీళ్ల సీసా ఎన్నిసార్లు నింపినా చాలేది కాదు. పోల్చి చూడడానికి ఏ మందూ ఇవ్వకుండా ఉంచే గ్రూపు ఒకటుంటుంది, డయాబెటిక్ కంట్రోల్ అంటారు. 28 రోజులు వాటినలా వదిలేయాలి. ఒక ఆదివారం అక్క నిశ్చితార్థానికి ఊరెళ్తూ అటెండర్‌కి చెప్పి వెళ్లాను. ఆయన రాలేదు. సోమవారం తలుపు తీసేసరికి ఆ బోను సీసా ఎండిపోయి ఉంది. తల మీద చుక్క ఉన్న ఎలుక చనిపోయింది. మిగతావి సీసా గొట్టాన్ని నాకుతూనే ఉన్నాయి. ఏడుస్తూ గైడ్ దగ్గరికి వెళ్తే ఆయన అడిగిన మొదటి మాట, "స్పేర్ యానిమల్ ఉందా అమ్మా?"

అటెండర్ ఒక్కడినే అనను. మూడు నెలలుగా ఆయనకి జీతం లేదు. సెలవు రోజుల్లో ఎవరు చూడాలో రాసిపెట్టిన కాగితమే లేదు. జంతువుల మీద ప్రయోగాలకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ డోసు అడిగింది, ఎలుకల సంఖ్య అడిగింది. ఇది ఇంతకుముందే చేశారు కదా, మళ్లీ ఎందుకని ఒక్కరూ అడగలేదు.

అలాగని అన్నీ ఆపేయమంటే నేను ఒప్పుకోను. మా అమ్మ రోజుకి రెండుసార్లు ఇన్సులిన్ వేసుకుంటుంది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు పరిశోధకులు కుక్కల క్లోమం తీసేసి చేసిన ప్రయోగాల వల్లే, 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి తొలి ఇన్సులిన్ ఇంజెక్షన్ అందింది. ఆ కుక్కల రుణం మా ఇంట్లో ఉంది. నా ఎలుకల వల్ల ఏ ఇంటికీ ఏమీ రాలేదు. పైగా అలాంటి థీసిస్‌లనే చూపించి నేరేడు పొడి అమ్ముతున్నారు. మా పిన్ని ఆ డబ్బా తెచ్చి అమ్మని ఇన్సులిన్ మానేయమంది! నేను డబ్బా విసిరికొట్టాను. ఎలుకలో 28 రోజులు షుగర్ కొంచెం తగ్గితే మనిషికి మందు దొరికినట్టు కాదు.

జంతువులో భద్రం అని తేలింది మనిషిలోనూ భద్రం అనుకోవడమూ తప్పే. 2006లో లండన్‌లో టీజీఎన్1412 అనే మందు, కోతులకి ఏమీ చేయని డోసులో 500వ వంతు ఇస్తేనే ఆరుగురు వాలంటీర్ల అవయవాలు దెబ్బతిని ఐసీయూలో చేరారు. 2023లో మన కేంద్రం నిబంధనలు మార్చి, కొత్త మందుల పరీక్షల్లో మనిషి కణాలతో చేసేలాంటి పద్ధతులకీ చోటిచ్చింది. ఆ మార్పు ముందు చేరాల్సింది ఫార్మసీ కాలేజీల యానిమల్ హౌస్‌లకి.

ఈ ఏడాది మా అన్నయ్య కూతురు ఎం.ఫార్మ్‌లో చేరింది, అదీ ఫార్మకాలజీయే. తనకిచ్చిన టాపిక్ మునగాకు, షుగర్, ఎలుకలు. పాత పేపర్లన్నీ ప్రింట్ తీసుకుని గైడ్ దగ్గరికి వెళ్లమన్నాను. గురువారం వెళ్తోంది.